మా ఎర్రదుమ్ము, ఆ ఇనుప గ్రహం

ఈసారి పత్రికకు చరిత్ర వ్యాసం రాయమని మా సోషల్ సారు చెప్పినప్పుడు క్లాసులో సగం మంది హంపి అన్నారు. మిగిలినవాళ్ళలో చాలామంది శ్రీకృష్ణదేవరాయలు అన్నారు. హంపి మాకు దగ్గరే కాబట్టి అందరూ చూసినదే, రాయడం సులువు. నేను లేచి, "సారూ, వేరే నక్షత్రం చుట్టూ తిరిగే ఇనుప గ్రహం గురించి రాస్తాను" అన్నాను. అందరూ నవ్వినారు. సారు నవ్వలేదు. "అది సైన్సు కదమ్మా. చరిత్ర అంటే జరిగిపోయింది. నువ్వు రాసింది సైన్సు సారుకు ఇయ్యి" అన్నారు.

అప్పుడు నాకు ఒక మాట తోచింది. "ఆ నక్షత్రం దాదాపు 31 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది సారూ. ఈ ఏడాది మనకు చేరే దాని వెలుగు 1994లో బయలుదేరింది. అంటే మనం చూసేది జరిగిపోయిందే కదా?" అన్నాను. సారు చేతిలో చాక్‌పీసు తిప్పుతూ కాసేపు నిలబడినారు. "సరే. కానీ చరిత్రగానే రాయాల. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అనేవి లేకపోతే తీసుకోను. నీ ఊహ రాస్తే ఇది నా ఊహ అని చెప్పి రాయాల" అన్నారు. ఆ షరతు మీద రాస్తున్నాను.

నాకు ఆ గ్రహం సంగతి తెలిసింది బళ్ళారిలో. పోయిన ఏడాది సైన్సు ఎగ్జిబిషన్‌కు పోయినాం. అక్కడ పక్క స్టాలు అమ్మాయి నా సాక్సు వైపు చూసి "మైన్స్ పిల్లలా మీరు?" అని అడిగింది. అమ్మ పొద్దున్నే ఉతికి ఆరేసిన తెల్ల సాక్సు, బస్సు ఎక్కేలోపలే అంచులు ఎర్రగా అయిపోయినాయి. దోణిమలైలో అందరి సాక్సూ అట్లనే ఉంటాయి కాబట్టి ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ రోజు మాత్రం కాళ్ళు బెంచీ కిందికి లాక్కున్నాను. అట్లా కూర్చుని ఎదుటి గోడ మీది చార్టు చదివాను. అందులో ఒక గ్రహం బొమ్మ కింద "దాదాపు అంతా ఇనుమే" అని ఉంది. ఆ ఊరివాళ్ళ సాక్సు ఎట్లా ఉంటాయో అనుకున్నాను. నా ఊహ అక్కడ మొదలైంది. అది తప్పు ఊహ అని తర్వాత తెలిసింది, ఆ సంగతి చివర్లో రాస్తాను.

మొదట మద్రాసు నుంచి మొదలుపెట్టాలి. వేరే నక్షత్రానికి గ్రహం ఉండవచ్చని కొలతలు చూపించి రాసిన మొదటి మనుషుల్లో ఒకాయన పని చేసింది అమెరికాలో కాదు, మద్రాసులో. ఆయన పేరు కెప్టెన్ విలియం స్టీఫెన్ జాకబ్. నుంగంబాకంలోని ఈస్టిండియా కంపెనీ అబ్జర్వేటరీకి ఆయన అధికారి. ఆ అబ్జర్వేటరీని 1792లో కట్టినారు. దాని టెలిస్కోపును నిలబెట్టిన గ్రానైటు స్తంభం ఇప్పటికీ ఉంది, దాని మీద తెలుగు అక్షరాలు కూడా చెక్కినారు. ఆ కాలంలో మా బళ్ళారి జిల్లా కూడా మద్రాసు కిందే ఉండేది. 1800లో నిజాం కంపెనీకి ఇచ్చేసిన సీడెడ్ జిల్లాల్లో ఇదీ ఒకటి. జిల్లా మధ్యలో సండూరు మాత్రం వేరే సంస్థానం. మా కొండలు ఆ సండూరు రాజుల చేతిలో ఉండేవి.

జాకబ్ 1855లో 70 ఒఫియూకై అనే జంట నక్షత్రం గురించి ఒక వ్యాసం రాసినాడు. అందులో రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి, ఒక చుట్టుకు 88 ఏళ్ళు పడుతుంది. ఏ నెలలో ఎక్కడ ఉండాలో ముందే లెక్క వేసుకోవచ్చు. కానీ నక్షత్రాలు లెక్క ప్రకారం నిలబడలేదు, కొంచెం పక్కకు జరిగి కనిపించినాయి. కంటికి కనపడని గ్రహం ఏదో లాగుతుండవచ్చు, అది చాలా సంభవమే అని జాకబ్ రాసినాడు. గమనించండి, ఖాయం అని రాయలేదు. నాకు ఆయనలో నచ్చింది అదే. తర్వాత అమెరికాలో ఇంకొకాయన అదే నక్షత్రానికి గ్రహం ఉందని గట్టిగా వాదించినాడు. 1899లో మౌల్టన్ అనే శాస్త్రవేత్త ఆ కక్ష్య నిలవదని లెక్క వేసి చూపించినాడు. జాకబ్ చూసిన తేడా కొలతల్లోని తప్పే గానీ గ్రహం కాదు. అంటే మద్రాసు నుంచి వచ్చిన ఆ మొదటి గ్రహం లేనే లేదు.

లేని గ్రహానికి చరిత్రలో చోటెందుకు అని సారు అడుగుతారని నాకు తెలుసు. నక్షత్రం కదలిక చూసి కనపడని గ్రహాన్ని పట్టుకోవచ్చు అన్న ఆలోచన తప్పు కాదు. 140 ఏళ్ళ తర్వాత, 1995లో, స్విట్జర్లాండు శాస్త్రవేత్తలు మేయర్, కెలోజ్ ఇంచుమించు ఆ ఆలోచనతోనే సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ తిరిగే మొదటి గ్రహాన్ని పట్టినారు. నక్షత్రం ఎటు జరిగిందని కాకుండా దాని వెలుగు రంగులో వచ్చే చిన్న మార్పును కొలిచినారు. 2019లో వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది. జాకబ్ 1862లోనే చనిపోయినాడు.

గ్రహాన్ని పట్టుకునే ఇంకో దారి ఉంది. దానికి తెలుగు నేల మీదే పాత ఉదాహరణ దొరికింది, నాకు చాలా సంతోషం అయ్యింది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840లో తన సొంత డబ్బుతో అబ్జర్వేటరీ పెట్టినాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపినాడు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యుడికి అడ్డంగా పోయింది. సూర్యబింబం మీద చిన్న నల్లచుక్క మెల్లగా జరిగిపోతుంది, దాన్నే శుక్రసంక్రమణం అంటారు. భూమికీ సూర్యుడికీ ఎంత దూరమో కొలవడానికి ప్రపంచంలోని పెద్ద దేశాలన్నీ ఆ రోజు కోసం ఎదురుచూసినాయి. విశాఖలో నరసింగరావు ఆరు అంగుళాల టెలిస్కోపుతో చూసి రాసిన వివరం లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి అయితే ఆ సంక్రమణం రాకముందే, అది ఏమిటో, భయపడాల్సిన పని ఎందుకు లేదో జనానికి చెప్పడానికి ఇంగ్లీషుతో పాటు దేశభాషల్లోనూ చిన్న పుస్తకం వేయించినాడు. మన భాషల్లో సైన్సు రాస్తే ఎవరు చదువుతారు అని ఇప్పుడు అనేవాళ్ళు ఆ 1874 సంగతి తెలుసుకోవాలి.

శుక్రసంక్రమణం మళ్ళీ 2012 జూన్‌లో వచ్చింది. అప్పుడు నాకు రెండేళ్ళు, చూసిందీ లేనిదీ అమ్మకే తెలియదు. ఇంక వచ్చేది 2117 డిసెంబరులో.

ఆ రోజు నరసింగరావు చూసింది కూడా చిన్న, వేడి, రాతి గ్రహాన్నే. కానీ అది వేడి అని అప్పుడు ఎవరికీ తెలియదు. శుక్రుడి మీద ఎప్పుడూ తెల్లని మబ్బు కప్పుకుని ఉంటుంది. మబ్బు ఉంటే వాన, వాన ఉంటే బురద, బురద ఉంటే చెట్లు అనుకున్నారు. నోబెల్ బహుమతి వచ్చిన అరేనియస్ అంత పెద్ద శాస్త్రవేత్త కూడా 1918లో శుక్రుడు చిత్తడి నేలలతో నీళ్ళు కారుతూ ఉంటాడని రాసినాడు. ఆయన దేశం స్వీడన్, అక్కడ మబ్బంటే వానే మరి. 1970 డిసెంబరులో రష్యావాళ్ళ వెనెరా 7 నౌక అక్కడ దిగి, దాదాపు 475 డిగ్రీల సెంటీగ్రేడు వేడి అని చెప్పింది. చిత్తడి కాదు, సీసం కరిగే వేడి. సాక్సు గురించి నేను అనుకున్నదీ అరేనియస్ అనుకున్నదీ ఒకటే రకం తప్పు. ఎవరైనా తమ ఊరినే మోసుకుపోయి అక్కడ పెడతారు.

ఇప్పుడు ఆ ఇనుప గ్రహం. దాని పేరు జీజే 367 బి. 2018లో అమెరికావాళ్ళు పంపిన టెస్ అనే టెలిస్కోపు ఆకాశంలో వేలకొద్దీ నక్షత్రాల వెలుగును కొలుస్తూ ఉంటుంది. గ్రహం అడ్డం వస్తే వెలుగు కొంచెం తగ్గుతుంది. విశాఖలో 1874లో చూసినదే ఇది, కాకపోతే ఇంత దూరం నుంచి చుక్క కనపడదు, వెలుగు తగ్గడం మాత్రమే తెలుస్తుంది. ఈ గ్రహం అడ్డం వస్తే తగ్గేది పదివేల వంతుల్లో రెండు వంతులు. అంత చిన్న తేడాను పట్టి, జర్మనీ శాస్త్రవేత్తలు నడిపిన ఒక బృందం 2021 డిసెంబరులో దీన్ని ప్రకటించింది. మళ్ళీ ఇంకా బాగా కొలిచి 2023లో కొత్త లెక్క చెప్పినారు.

ఆ లెక్కలు ఇవి. అడ్డకొలత దాదాపు 8,900 కిలోమీటర్లు, అంటే భూమి కన్నా చిన్నది, అంగారకుడి కన్నా పెద్దది. నక్షత్రానికి సుమారు పది లక్షల కిలోమీటర్ల దూరంలో తిరుగుతుంది. మనకూ సూర్యుడికీ మధ్య 15 కోట్ల కిలోమీటర్లు. అంత దగ్గర కాబట్టి ఒక చుట్టు 7.7 గంటల్లో అయిపోతుంది. అదే అక్కడ ఒక సంవత్సరం. పొద్దున ప్రార్థనకు నిలబడినప్పుడు ఉగాది అనుకుంటే, సాయంత్రం బడి అయి ఇంటికి పోయేసరికి మళ్ళీ ఉగాది దగ్గరికి వస్తుంది. ఆ లెక్కన నాకు ఇప్పుడు దాదాపు 17 వేల ఏళ్ళు. ఈ గ్రహానికి తహాయ్ అని ఇంకో పేరు ఉంది. చిలీ దేశం వాళ్ళు పెట్టినారు. అది అక్కడ ఏడెనిమిది గంటలు మాత్రమే విచ్చుకునే ఒక అడవిపువ్వు పేరట. పేరు పెట్టినవాళ్ళు బాగా ఆలోచించినారు.

అసలు సంగతి బరువులో ఉంది. భూమి సాంద్రత 5.5. అంటే భూమి నుంచి సగటున ఒక లీటరు డబ్బా నిండా తీసుకుంటే ఐదున్నర కిలోలు తూగుతుంది. ఇనుము దాదాపు 7.9. ఈ గ్రహం 10.2 తూగుతుంది, ఇనుము కన్నా ఎక్కువ. ఇనుము కన్నా ఎక్కువ ఎట్లా అని నేను తప్పు చదివానేమో అనుకున్నాను. లోపల ఉన్న ఇనుమును పైన ఉన్న బరువు అదిమి పెట్టడం వల్ల అట్లా అవుతుందని సైన్సు సారు చెప్పినారు. గ్రహం బరువులో పదింట తొమ్మిది వంతులు ఇనుప గర్భమే. భూమిలో అది మూడో వంతు. ఇంకో వింత, గ్రహం చిన్నదే అయినా దాని ఆకర్షణ మన భూమి కన్నా ఎక్కువ. 40 కిలోలు తూగే పిల్ల అక్కడ నిలబడితే 52 కిలోల పిల్ల లాగా బరువు అనిపిస్తుంది. నిలబడగలిగితే.

ఇదంతా మా తాతకు చెప్పినాను. తాత అనంతపురం వైపు నుంచి ఇక్కడికి వచ్చినాడు, అప్పటికి మైన్ ఇంకా మొదలు కాలేదు, రోడ్లు వేస్తున్నారు. 1977లో మైన్ మొదలయ్యాక డ్రిల్లింగు పనిలో చేరి అందులోనే రిటైరు అయినాడు. సగం వింటాడు, సగం నిద్రపోతాడు అనుకున్నాను గానీ మొత్తం విన్నాడు.

"ఇనుము అంత పైకి ఎట్లా వచ్చింది పాపా? మనకైతే పైమట్టి, పనికిరాని రాయి అంతా ఎత్తి పారబోస్తేనే గదా ఓర్ కనపడేది?" అన్నాడు.

శాస్త్రవేత్తలు అడిగే ప్రశ్న కూడా ఇదే. వాళ్ళు చెప్పే ఒక కారణం ఏమిటంటే, ఎప్పుడో పెద్ద గుద్దుడు జరిగి పైనున్న రాతి భాగం చాలావరకు ఎగిరిపోయి, లోపలి ఇనుము మిగిలి ఉండవచ్చు. బుధగ్రహం గురించి కూడా కొందరు అట్లనే అంటారు. ఇంకా తేలలేదు. తాతకు చెప్పితే, "అయితే ఆడ ఓవర్‌బర్డెన్ దేవుడే ఎత్తేసినాడు" అన్నాడు.

ఇక వేడి. 2024లో వచ్చిన ఫలితం ప్రకారం, జేమ్స్ వెబ్ అనే పెద్ద టెలిస్కోపుతో చూస్తే గ్రహం పగటి వైపు దాదాపు 1,450 డిగ్రీలు ఉంది. ఈ అంకె చూసి మా మామకు ఫోను చేసినాను. మామ తోరణగల్లులో స్టీలు ప్లాంటులో పని చేస్తాడు. బ్లాస్ట్ ఫర్నేసు నుంచి కాలువలోకి వచ్చే కరిగిన ఇనుము ఎంత వేడి ఉంటుంది మామా అని అడిగితే, "1,450, 1,500 మధ్య. ఎందుకు, ప్రాజెక్టా?" అన్నాడు. అంటే ఇక్కడి కొండ రాయిని రైల్లో ఫర్నేసుకు పంపి ఏ వేడిలో కరిగిస్తారో, ఆ గ్రహం పగటి వైపు ఎప్పుడూ అదే వేడిలో ఉంటుంది. ఆ వేడికి మామూలు నల్లరాయి కూడా కరిగి పారుతుంది.

ఇక్కడి నుంచి కొంత నా ఊహ. కానీ కొలతలు దాటి పోకుండా ఊహిస్తాను.

అంత దగ్గర తిరిగే గ్రహాలు ఎప్పుడూ ఒకే ముఖం నక్షత్రం వైపు పెట్టి తిరుగుతాయి, మన చంద్రుడు మనకు ఒకే ముఖం చూపినట్టు. కాబట్టి అక్కడ ఒక వైపు ఎప్పుడూ పగలు, ఒక వైపు ఎప్పుడూ రాత్రి. నేను రెండింటి మధ్య గట్టు మీద నిలబడినాను అనుకుంటాను. నక్షత్రం ఉదయించదు, మునగదు, దిగంతం మీద సగం కనిపిస్తూ అట్లనే ఉంటుంది. అది మన సూర్యుడి కన్నా చిన్నదే, చల్లనిదే, నారింజ రంగుది. కానీ దగ్గర కాబట్టి మన సూర్యుడి కన్నా అరవై రెట్లకు పైగా వెడల్పుగా కనిపిస్తుంది. పగటి వైపు మధ్యకు పోయి తల పైకెత్తితే, దిగంతం నుంచి నడినెత్తి వరకు ఎంత ఆకాశం ఉందో అందులో మూడో వంతు కన్నా ఎక్కువ అదే నింపుతుంది. అయినా ఆకాశం నీలంగా ఉండదు. నక్షత్రం పక్కనే నల్లగా ఉంటుంది. ఎందుకంటే గాలి లేదు. గాలి ఉంటే పగటి వేడి రాత్రి వైపుకు కొంతైనా పోవాలి. జేమ్స్ వెబ్ చూసినప్పుడు అట్లా పోతున్న జాడ కనపడలేదు. గట్టుకు ఇవతల రాయి కరుగుతుంటే, అవతల ఎప్పుడూ వెలుగు చూడని చలి.

తాత పని గుర్తుంది కాబట్టి అక్కడ ఒక బ్లాస్టింగు ఊహించుకున్నాను. మా ఊర్లో అయితే ముందు సైరన్ మోగుతుంది. కాసేపటికి కాళ్ళ కింద నేల అదురుతుంది, తర్వాత శబ్దం వస్తుంది, తర్వాత కొండ మీద ఎర్రని మేఘం లేచి చాలాసేపు నిలబడి గాలి ఎటు ఉంటే అటు పోతుంది. మా వైపు వస్తుంటే అమ్మ ఆరేసిన బట్టలు తీయడానికి పరుగెత్తుతుంది. ఆ గ్రహం మీద సైరన్ వినపడదు. నేల అదరడం ఒక్కటే తెలుస్తుంది. రాళ్ళు లేస్తాయి, దుమ్ము కూడా లేస్తుంది, కానీ మేఘం కాదు. పట్టుకోవడానికి గాలి లేదు కాబట్టి సన్న దుమ్ము కూడా రాయి లాగే లేచి రాయి లాగే వెంటనే పడిపోతుంది. అమ్మకు ఇది చెప్పితే "ఎంత బాగుంటుందో" అంది.

నా సాక్సు ఊహ తప్పు అన్నాను కదా. తప్పు దుమ్ము ఎగరడంలోనే కాదు, రంగులో కూడా. ఆ గ్రహం నల్లగా ఉంది. మీద పడిన వెలుగును చాలా తక్కువ వెనక్కు పంపుతుందని కొలిచినారు. పగటి వైపు వేడికి ఎర్రగా మండుతూ ఉండవచ్చు, కానీ అది పొయ్యిలో పెట్టిన గడ్డపార ఎరుపు. మా ఎరుపు వేరు. మాది తుప్పు ఎరుపు.

తుప్పు పట్టాలంటే ఆక్సిజన్ కావాలి. మా కొండల్లోని ఖనిజం హెమటైట్. శుద్ధమైన హెమటైట్ వంద కిలోలు తీసుకుంటే అందులో 70 కిలోలు ఇనుము, 30 కిలోలు ఆక్సిజన్. నాకు ఇది చదివినప్పుడు మా నాయన డంపర్ గుర్తుకొచ్చింది. నాయన రోజూ కొండ దించే లోడులో దాదాపు మూడో వంతు ఆక్సిజన్, ఆయనకు తెలియదు. ఫర్నేసులో చేసే పనంతా ఆ ఆక్సిజన్‌ను విడదీయడమే. అది ఎక్కడి నుంచి వచ్చింది అంటే, సండూరు కొండల రాళ్ళు 250 కోట్ల ఏళ్ళ కన్నా పాతవి. అప్పుడు ఇక్కడ సముద్రం. నీళ్ళలో ఇనుము కరిగి ఉండేది. ఆక్సిజన్‌తో కలిసి తుప్పై అడుగుకు దిగింది, పొర మీద పొర. ఆ పనిలో అప్పటి సూక్ష్మజీవుల చేయి కూడా ఉందని శాస్త్రవేత్తలు అంటారు. మా బడి వెనకాల కొండ కోసిన చోట రాయిలో ఎరుపు చార, బూడిద చార, మళ్ళీ ఎరుపు చార కనిపిస్తాయి. రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త గుర్రం మీదా నడిచీ ఈ జిల్లా అంతా తిరిగి 1895లో బళ్ళారి జిల్లా భూగర్భం మీద పుస్తకం రాసినాడు. మేము చిన్నప్పుడు ఆ చారల రాళ్ళతో కచ్చకాయలు ఆడినాం.

ఇక్కడ సైన్సు సారు ఒక ప్రశ్న వేసినారు. "అంగారకుడు కూడా ఎర్రగానే ఉన్నాడు కదా, అక్కడ జీవం ఉందా?" లేదు, ఉన్నట్టు ఎవరూ చూడలేదు. కానీ అక్కడ ఒకప్పుడు నీళ్ళు పారినాయి. కాబట్టి ఎరుపు ఉంటే జీవం ఉన్నట్టే అని నేను రాయను. ఎరుపు ఉంటే ఇనుముకు ఎప్పుడో ఆక్సిజన్ తగిలింది అని మాత్రమే రాస్తాను. జీజే 367 బి మీద కొండలు కొండలుగా కాదు, గ్రహం గ్రహమే ఇనుము. దానికి గాలీ లేదు, నీళ్ళూ లేవు, ఎరుపూ లేదు.

మా అమ్మకు ఎర్రదుమ్ము అంటే కోపం, అది న్యాయమే. రోజుకు రెండుసార్లు ఊడుస్తుంది. కానీ నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు, 2018 నవంబరులో లీజు గడువు విషయం తేలక దోణిమలై మైన్ ఆగిపోయింది. 2021 ఫిబ్రవరిలో మళ్ళీ మొదలైంది. ఆ రెండేళ్ళ పైన మా వైపు దుమ్ము బాగా తగ్గింది. దండెం మీద బట్టలు తెల్లగా ఆరేవి. అమ్మ వాటిని మడత పెడుతూ ఏమీ మాట్లాడేది కాదు. నాయన సాయంత్రం కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటే నీళ్ళు ఎర్రగా పారేవి కావు, నాకు అది వింతగా ఉండేది. పెద్దవాళ్ళు గేటు దగ్గర నిలబడి మెల్లగా మాట్లాడుకునేవాళ్ళు. కొందరు పిల్లలు టీసీ తీసుకుని వెళ్ళిపోయినారు. మా క్లాసులో అప్పుడు ఖాళీ అయిన బెంచీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది. తెలుగు మీడియంలో ఒక బెంచీ ఖాళీ అయితే నింపడం కష్టం.

చివరగా, ఆ నక్షత్రం ఎక్కడ ఉందో చూద్దామని మొన్న మార్చిలో రాత్రి పది గంటలకు తాతను తీసుకుని మిద్దె ఎక్కినాను. అది దక్షిణం వైపు వేలా అనే రాశిలో ఉంది. నక్షత్రాలకు కూడా తాలూకాల మాదిరి సరిహద్దులు గీసినారని అప్పుడే తెలిసింది. 1930లో ఆకాశం మొత్తాన్ని 88 రాశులుగా పంచి గీతలు గీసినారు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయి, బళ్ళారి, సండూరు మైసూరుకు వచ్చినట్టు అనుకోండి. ఆ గీతలు పడినప్పుడు నక్షత్రాలను ఎవరూ అడగలేదు. వేలా అంటే తెరచాపలు. పూర్వం అది ఒక పెద్ద ఓడ ఆకారంలో భాగం. మా ఊరి పేరులోని దోణి అనే మాటకు కన్నడంలో పడవ అని అర్థం, తెలుగులో దోనె అంటాం. దానికీ దీనికీ సంబంధం ఏమీ లేదు, ఊరికే రాసినాను.

నైరుతిలో కిందికి వాలిన అగస్త్య నక్షత్రాన్ని తాతే ముందు చూపించినాడు. దానికి ఎడమ వైపు, ఇంకా పైకి అని నేను చూపించినాను. అక్కడ ఏమీ లేదు. నిజంగా ఉంది, కానీ టెలిస్కోపు లేకుండా కనపడనంత మసక. క్రషర్ లైట్లు కూడా అడ్డం. తాత చేయి నుదుటికి పెట్టుకుని చాలాసేపు అటే చూసినాడు. ఆ వెలుగు 1994లో బయలుదేరింది. అప్పటికి సూర్యుడిలాంటి వేరే నక్షత్రానికి గ్రహం ఉన్నట్టు ఎవరికీ తెలియదు. తాత అప్పుడు రెండో షిఫ్టు చేసేవాడంట.

"ఆడ దుమ్ము లేదంటివి గదా?" అన్నాడు తాత.

"లేదు తాతా. గాలే లేదు."

"మరి పనోళ్ళు?"

"ఎవరూ లేరు."

తాత ఇంకాసేపు చూసి, మెట్లు దిగడానికి నా భుజం పట్టుకున్నాడు. పొద్దున చూస్తే నా తెల్ల యూనిఫాం భుజం మీద ఆయన వేళ్ళ గుర్తులు ఎర్రగా ఉన్నాయి. మిద్దె పిట్టగోడ మీద చేయి పెట్టి ఉంటాడు.